సింగపూరులో నాలుగు దినములు

గడచిన దసరా సెలవులలో మావారును నేనును నాలుగు దినములు సింగపూరు నగరమును జూచి వచ్చితిమి. మావారు ఉపాధ్యాయులు, కావున బడి సెలవులే మాకు యాత్రాకాలము. ఇంతవరకు మా యాత్రలు సింహాచలము, అన్నవరము, భద్రాచలములతో సరిపోయినవి. సముద్రము దాటుట మాకిదియే మొదలు. మా చెల్లెలు భర్తతో ఆ నగరమున కాపురముండి పదునొకండు సంవత్సరములు కావచ్చినది. వారికి తొమ్మిదేండ్ల యాడుబిడ్డ కలదు.

బయలుదేరునాడు మా అమ్మ నాకు రెండు పనులు అప్పగించినది. ఒకటి, మూతమీద గుడ్డ బిగించి కట్టిన మాగాయ సీసాను చెల్లెలికి భద్రముగా చేర్చుట. రెండవది, మనుమరాలిచేత తెలుగున ఒక ఉత్తరము వ్రాయించి తెచ్చుట. “ఫోనులో దాని ముఖము చూచుచునే యున్నాను. అది పలుకునది నాకు తెలియదు. నేను పలుకునది దానికి సగమే తెలియును. ఇద్దరమును నవ్వుకొని ఊరకుందుము. దాని చేతివ్రాత నాలుగు ముక్కలు తెచ్చి యిమ్ము, దిండు క్రింద బెట్టుకొందును” అనినది. మొదటి పని సులభముగనే ముగిసినది. రెండవ పని ఏమైనదో చివర మనవి చేసికొందును.

విశాఖపట్టణమున రాత్రి విమానమెక్కితిమి. సుమారు నాలుగు గంటల ప్రయాణము. అక్కడి గడియారము మన గడియారముకంటె రెండున్నర గంటలు ముందు నడచును. కావున ఒక్క కునుకు తీయునంతలోనే తెల్లవారినది. దిగి రైలెక్కితిమి. ఆ రైలు కొంతదూరము వంతెనమీదను, కొంతదూరము భూగర్భమునను పోవును. 1987లో మొదలైన యీ రైలుమార్గములు నేడు ద్వీపమంతటను సాలెగూడువలె అల్లుకొన్నవి. స్టేషనులోని హెచ్చరిక పలకలమీద ఇంగ్లీషు, చీనా, మలయ, తమిళ భాషలు నాలుగును వరుసగా వ్రాయబడియుండెను. ఈ నాలుగే అచ్చటి ప్రభుత్వభాషలు. పరదేశమున దిగిన తోడనే తమిళాక్షరములు కనబడినంతన చుట్టము నెదుట జూచినట్లైనది. పిమ్మట నా కన్నులు తెలుగక్షరమునకై వెదకెను. అది కనబడలేదు.

సింగపూరు అను పేరు మన సింహపురమే. పాలెంబాంగునుండి వచ్చిన నీల ఉత్తముడను రాకుమారుడు ఈ దీవిలో ఒక వింతమృగమును జూచి సింహమని తలచి యీ పేరు పెట్టెనని మలయుల పురాణగాథ. ఆ దీవిలో సింహములెన్నడును లేవనియు, అతడు చూచినది పులియై యుండవచ్చుననియు పెద్దలందురు. మావారు మాత్రము “మన నెల్లూరునకు విక్రమసింహపురి యని పేరు. తిక్కన సోమయాజి మెలగిన చోటు. ఒక సింహపురినుండి మరియొక సింహపురికి బోవుట పరదేశయాత్ర యెట్లగును?” అని విమానములోనే నన్ను ఓదార్చియుండిరి.

ఆంగ్లేయుడైన రాఫుల్సు 1819లో ఇచ్చట వర్తకస్థానము నెలకొల్పెను. 1942 మొదలు 1945 వరకు నగరము జపానువారి యేలుబడిలో నుండెను. 1963లో మలేషియాలో గలిసి, 1965 ఆగస్టు 9వ తేదీన దానినుండి విడివడి స్వతంత్రదేశమైనది. వైశాల్యము సుమారు 730 చదరపు కిలోమీటర్లు. జనము సుమారు 60 లక్షలు. స్థిరనివాసులలో నాలుగింట మూడుపాళ్లు చీనావారు, తరువాత మలయులు, ఆ తరువాత మన భారతీయులు.

మా చెల్లెలి యిల్లు ప్రభుత్వమువారు కట్టించిన పెద్ద భవనములో పదునాలుగవ అంతస్తున నున్నది. ఈ గృహనిర్మాణ సంస్థ 1960లో ఏర్పడినది. నేడు స్థిరనివాసులలో పదింట ఎనిమిదిమందికి దాపుగా ఇట్టి యిండ్లలోనే కాపురముందురు. కిటికీలనుండి వెదురుగడలు బయటికి చాచి వానిమీద బట్టలారవేయుదురు. క్రిందినుండి చూచితిమేని మేడ మేడంతయు తోరణములు కట్టినట్లుండును. అడుగు అంతస్తున ఇండ్లు కట్టక ఖాళీగా విడిచెదరు. ఒకనాడు అక్కడ మలయుల పెండ్లి, మరియొకనాడు చీనావారి చావుకార్యము, తక్కిన దినములలో పిల్లల ఆటలు.

ఈ భవనములలో ఏ జాతివారు ఎందరుండవలెనో 1989 నుండి ప్రభుత్వము పరిమితి నేర్పరచినది. ఒక జాతివారే ఒకచోట గుమిగూడి ప్రత్యేకముగ పేట కట్టుకొనరాదని దాని యుద్దేశము. 1964లో మలయులకును చీనావారికిని కలిగిన కొట్లాటలలో ప్రాణములు పోయినవి. ఆ భయము నాటి పాలకుల మనస్సులలో నాటుకొన్నది. ఈ నియమమువలన ఇల్లమ్ముకొనదలచిన వారికి కొనువారు తక్కువగుటయు కలదు. ముఖ్యముగా అల్పసంఖ్యాకులకు ఈ యిబ్బంది ఎక్కువ. ఐనను ఇరుగుపొరుగులు కలగలిసియే యున్నారు. ఈ కలయిక దానంతటదియే ఏర్పడినది కాదు, లెక్కగట్టి కూర్చినది.

మా చెల్లెలికి కుడివైపున ఒక మలయ ఇల్లాలు. మా చెల్లెలు ఆమెను ‘మక్‌చిక్’ అని పిలుచును. అనగా పిన్నమ్మ యని. మొదటినాటి సాయంకాలము ఆమె అరటిపండు వేపుళ్లు పళ్లెములో బెట్టుకొని వచ్చినది. ఆమెకు తెలుగు రాదు. నాకు మలయము రాదు. ఐనను మా యిద్దరికి ఒక గంటసేపు మాటలు సాగినవి. కారణము చెప్పెదను. ఆమె భర్తను చూపి ‘సువామి’ యనెను. అది మన ‘స్వామి’. భార్యను ‘ఇస్తెరి’ యందురు. అది మన ‘స్త్రీ’. భాషకు ‘బహాస’, మనుష్యునకు ‘మనుసియ’, భూమికి ‘బూమి’. రంజాను ఉపవాసమును ‘పువాస’ యందురట. మన ఉపవాసమే అక్కడ సగము అక్షరములతో మహమ్మదీయుల వ్రతమై వెలసినది! నేను చిన్ననాడు వల్లించిన అమరము మలయ ఇల్లాలి నోట వినబడునని కలనైన అనుకొనలేదు. చివరకు మా చెల్లెలు దోసెలు వేసి తెచ్చి పేరు చెప్పగా ఆమె నోటికి చెంగు అడ్డము పెట్టుకొని నవ్వినది. మలయ భాషలో ‘దోస’ అనగా పాపమట! మన ‘దోషమే’ యది. ఆమె పాపము పాపమనుచునే మూడు తినినది.

ఎడమవైపున ఒక చీనా అవ్వ. ఈమె కథ వేరు. ఆమె భాష హోక్కియను. చీనావారందరి మాట ఒక్కటే యని మనమనుకొందుము, అది పొరపాటు. హోక్కియను, తియోచ్యూ, కాంటనీసు మొదలగునవి ఒండొరులకు తెలియని భాషలు. 1979లో అక్కడి ప్రభుత్వము చీనావారెల్లరును మాండరిన్ మాటలాడవలెనని ప్రచారము ప్రారంభించినది. బడిలో మాండరిన్ నిలిచినది. రేడియో, టెలివిజనులనుండి తక్కిన చీనా భాషలు క్రమముగా తొలగినవి. అందువలన మేలును గలిగినది. వేరువేరు పలుకుబడులుగల చీనావారు ఒకరినొకరు తెలిసికొనగల్గిరి. కాని ఈ అవ్వ మనుమలకు ఇంగ్లీషును మాండరినును మాత్రమే వచ్చును. వారు వచ్చినప్పుడు ఆమె నారింజపండు ఒలిచి తొన తొనయు వారి చేతులలో బెట్టును. వారు తిందురు. పండు అయిపోవువరకే ఆ సంభాషణము.

అది చూచిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అమ్మయు ఫోనులో ఇట్లే కదా నవ్వి ఊరకుండునది!

రెండవనాడు చీనాపేటకు బోయితిమి. ఆ పేటలో మొదట మమ్ము పిలిచినది గోపురము. శ్రీ మారియమ్మ కోవెల 1827లో వెలసినది. ఆ నగరమునందలి హిందూ దేవాలయములలో ఇదియే ప్రాచీనము. రాఫుల్సుతోబాటు 1819లో పినాంగునుండి వచ్చిన నారాయణ పిళ్ల దీనిని స్థాపించెను. లోపల ద్రౌపదీదేవికి సన్నిధి కలదు, పాండవులును ఉన్నారు. దీపావళికి ముందు ఆమె పేరిట భక్తులు నిప్పులమీద నడచెదరు. కౌరవసభలో ఐదుగురు భర్తలయెదుట దిక్కులేక నిలిచిన యిల్లాలు సముద్రముల కావల చీనాపేటలో దిక్కులేనివారికి దిక్కై పూజలందుచున్నది. నేను ఆమె యెదుట చాలసేపు నిలిచితిని. కోవెల ప్రక్కనే, ఆ వీధిలోనే చూలియా ముసల్మానుల మసీదు కలదు. ఇచ్చటి మేళము అచ్చటికి, అచ్చటి పిలుపు ఇచ్చటికి వినబడుచునే యుండును.

అక్కడినుండి తెలోక్ ఆయరు వీధికి నడిచితిమి. నేడు ఈ వీధికి నలువైపుల ఆకాశమంటు మేడలు. పూర్వమిది సముద్రతీరమే; తరువాత సముద్రమును పూడ్చి నేల చేసిరి. ఓడ దిగినవారు ప్రాణములతో చేరినందుకు మొట్టమొదట తమ దైవమునకు మ్రొక్కిన చోటు ఇది. హోక్కియనులు సముద్రదేవతయైన మాజూకు 1839 మొదలు 1842 వరకు కట్టిన తియన్ హోక్ కెంగ్ ఆలయము ఇక్కడ నున్నది. మేకులు లేకయే కొయ్యను కొయ్యలో బిగించి కట్టిరట. దాని సమీపముననే దక్షిణదేశమునుండి వచ్చిన ముసల్మానులు కట్టిన నాగూరు దర్గా. నాగూరు పేరు వినని తీరాంధ్రులెవరు? అదే వరుసలో ఒక మసీదును, చీనా క్రైస్తవుల దేవాలయమును గలవు. దైవములు నాలుగైనను కడలికి వెరచిన గుండె ఒక్కటే గదా.

ఈ ప్రాంతముననే ఎఱ్ఱ తలగుడ్డలు గట్టిన స్త్రీల విగ్రహములు చూచితిమి. వీరిని సంసూయి స్త్రీలందురు. చీనాదేశమునందలి సాన్‌ష్వే ప్రాంతమునుండి ముఖ్యముగా 1920 మొదలు 1940 వరకు గల కాలమున వచ్చి, మేడలు కట్టుచోట మట్టితట్టలు, ఇటుకలు మోసిరి. నేటి నగరముయొక్క పునాదులలో వీరి చెమట కలదు. పెక్కురికి చదువు రాదు. చీనాపేట వీధులలో బల్లవేసికొని కూర్చుండిన లేఖకులకు డబ్బిచ్చి ఇంటికి ఉత్తరములు వ్రాయించుకొనెడివారట. తట్టలు మోసి కూడబెట్టిన సొమ్ములో ఉత్తరమునకు వేరుగా తీసిపెట్టిన ఆ తల్లులను తలచుకొంటిని. మా చెల్లెలికి రెండు భాషలలో పట్టపరీక్షలు నెగ్గిన చదువు కలదు. ఆమె యింటినుండి మా అమ్మకు ఒక్క ఉత్తరమైన పోలేదు.

మధ్యాహ్నము భోజనమునకు సమీపమునందలి అంగళ్ల చావడికి బోయితిమి. ఇట్టి చావడులు నగరమంతట గలవు. చీనా, మలయ, భారతీయ వంటకములు ఒక్క కప్పు క్రింద దొరకును. 2020లో ఐక్యరాజ్యసమితివారి యునెస్కో సంస్థ ఈ భోజన సంప్రదాయమును లోకపు వారసత్వములలో చేర్చినది. తినిన పళ్లెములను ఎవరివి వారే తీసికొనిపోయి పెట్టవలెను. ముసల్మానులకు నిషిద్ధముగాని అన్నముల పళ్లెములకు వేరుగ చోటు కలదు. మేము ఖాళీ బల్ల యొకటి చూచి కూర్చుంటిమి. బల్లమీద కాగితపు రుమాళ్ల పొట్లము ఒకటి యుండెను. ఎవరో మరచిపోయిరని తలచి మావారు దానిని ప్రక్కకు నెట్టిరి. ఇంతలో ఇద్దరు యువతులు పళ్లెములతో వచ్చి చిఱునవ్వుతో నిలిచిరి. ఆ పొట్లము పెట్టుటయే బల్ల తమదని చెప్పుటయట! మన పల్లెటూళ్లలో బస్సు కిటికీలోనుండి తువ్వాలు విసరి సీటు పట్టుట లేదా? మావారు సిగ్గుపడి లేచిరి. సాయంకాలమునకు వారే యొక పొట్లము కొని జేబులో బెట్టుకొనిరి.

ఆనాటి సాయంకాలము నదీముఖమునకు బోయితిమి. సింహపు తలయు చేప మేనును గల తెల్లని విగ్రహము నోటినుండి నీరు చిమ్ముచుండును. 1972లో నిలిపినది, ఎత్తు 8.6 మీటర్లు. మనకు నరసింహుడు, వారికి మత్స్యసింహము. దానికి కొంత దూరమున తీరోద్యానములో ఆజాదు హిందు సైన్యపు స్మారకఫలకము కలదు. 1943 అక్టోబరు 21వ తేదీన నేతాజీ స్వతంత్ర భారత ప్రభుత్వమును ప్రకటించినది ఈ నగరముననే. ఝాన్సీరాణి దళము ఏర్పడినదియు ఇచ్చటనే. కెప్టెను లక్ష్మి నాయకత్వమున, భారతదేశమును కన్నులార చూచి యెఱుగని మలయా తోటకూలి స్త్రీలు సైతము తుపాకి పట్టిరి. చూడని దేశముపై అంత మమకారము వారికెక్కడిదని మా వదలని సందేహము. తల్లులు చెప్పిన మాటలలోనుండియే కదా వచ్చియుండవలె నని మావారనిరి.

మూడవనాడు ఉదయము వృక్షోద్యానమునకు బోయితిమి. 1859లో స్థాపితమైన యీ తోటకు 2015లో ప్రపంచ వారసత్వ స్థానమను గౌరవము కలిగినది. 1877లో ఇంగ్లండునుండి వచ్చిన రబ్బరుమొక్కలు ఈ నగరమున నాటుకొని, పిమ్మట మలయాదేశమంతట రబ్బరుతోటలకు దారితీసినవి. ఆ తోటలలో పనికై తమిళులు వేలకొలదిగ బోయిరి. వారితోబాటు మన విశాఖ, గోదావరి మండలములవారును బోయిరి. ఒక మొక్క యెన్ని కాపురములను కదల్చినదో!

ఈ తోటలో నేను ముఖ్యముగ జూడగోరినది ఆ దేశపు జాతీయపుష్పము. ఊదావన్నె రేకులుగల యీ ఆర్కిడు పూవును కూర్చినది ఆగ్నెసు జోకీము అను ఆర్మీనియా జాతి స్త్రీ. ఆమె తన పెరటితోటలో రెండు జాతుల మొక్కలను కలిపి 1893లో దీనిని లోకమునకు జూపెను. 1899లో పూలప్రదర్శనమున ప్రథమ బహుమానము నొందెను. ఆ సంవత్సరమే మరణించెను. 1981లో ఈ పూవును జాతీయపుష్పముగ నెన్నుకొనిరి. పెక్కుజాతులు కలిసిన దేశమునకు ఒక స్త్రీ పెరటిలో రెండు జాతులు కలిపి పూయించిన పూవే గుర్తగుట ఎంత తగియున్నది! పెరటిపని అల్పమని యెవరనగలరు?

మధ్యాహ్నము మలయులపేటయైన కంపోంగ్ గ్లామునందు సుల్తాను మసీదు చూచితిమి. నేటి కట్టడము 1932లో పూర్తియైనది. బంగారువన్నె గుమ్మటము క్రింద నల్లని పట్టెవంటిది యొకటి కనబడును. దగ్గరగ చూచినచో అవి గాజుసీసాల అడుగులు. ధనికులు ధనమిచ్చిరి, బీదవారు సీసాలు తెచ్చియిచ్చిరి. ఆ సీసాలనే గుమ్మటము చుట్టును పొదిగిరి. ఉడుతాభక్తి మన సేతువునందే కాదు.

ఆ రాత్రి చెల్లెలిని అడిగితిని. “పిల్లకు తెలుగు ఏల నేర్పలేదు?” అని. కొంత కఠినముగనే అడిగితిననవలెను. ఆమె కన్నీరు పెట్టుకొనలేదు, సమాధానము చెప్పినది. “అక్కయ్యా, ఇక్కడ ప్రతి బిడ్డయు ఇంగ్లీషుతోబాటు మాతృభాష నొకదానిని చదువవలసినదే. భారతీయులకు తమిళము, లేదా హిందీ, పంజాబీ, బెంగాలీ, గుజరాతీ, ఉర్దూలలో నొకటి. ఆ పట్టికలో తెలుగు లేదు. కావున పిల్ల హిందీ చదువుచున్నది. బడిలో రెండు భాషలు. ఇంటికి వచ్చి మూడవ లిపి నేర్చుకొమ్మనిన ఏడ్చును. అఆలు, గుణింతములు రెండేండ్లక్రిందట నేర్పితిని. నేను ఉద్యోగమునుండి వచ్చునప్పటికి రాత్రి ఎనిమిది. ఒకనాడు మానితిని, మరునాడును మానితిని. అంతే” అనినది. 1975లో స్థాపితమైన తెలుగు సమాజము అచ్చట కలదు. ఉగాదికి పిల్లను తీసికొనిపోవుదురట. పండుగ సంవత్సరమున కొకమారు. భాషకు ప్రతిదినమును కావలెను కదా.

నాకు కోపము దిగినది. ఆమె స్థానమున నేనుండిన ఏమి చేసియుందును?

నాలుగవనాడు ఆదివారము. చిన్న యిండియా అనబడు సెరంగూను వీధికి పోయితిమి. దీపావళికి వీధి పొడవునను దీపతోరణములు కట్టియుండెను. మల్లెలు, అరటాకులు, పసుపుకొమ్ములు, ఇత్తడి సామానుల అంగళ్లు. 1855లో వెలసిన శ్రీనివాస పెరుమాళ్ల కోవెలలో దర్శనము చేసికొని బయట కూర్చుంటిమి. ఓడలలోను, మేడల నిర్మాణములోను పనిచేయు శ్రామికులకు ఆదివారమే విరామము. వేలకొలది యువకులు ఆ వీధులలో నిండియుండిరి. తమిళము, బెంగాలీ వినబడుచుండెను. అంతలో నా ప్రక్కన మెట్టుమీద నొక యువకుడు ఫోను నెదుట బెట్టుకొని “ఆగు బిడ్డా, గది మల్ల సదువు. ‘క’కు వత్తు ఉన్నది సూడు” అనెను.

నాలుగు దినములలో పరాయినోట నేను వినిన మొదటి తెలుగు అది. ఫోను కట్టివేసినపిదప మావారు అతనిని పలుకరించిరి. కరీంనగరు ప్రాంతమువాడు, ఓడల మరమ్మతు పని. “మా బిడ్డ మూడో తరగతమ్మా. రోజు రాత్రి నాకు ఫోన్ల పాఠం సదివి ఇనిపిస్తది. తప్పు సదివితె ఆపుత. నేను ఏడు దాంక సదివిన, గదే దానికి పనికొస్తున్నది” అనెను. అతడు బిడ్డను చేతులతో ఎత్తుకొని మూడేండ్లైనదట.

మా చెల్లెలు నావంక చూచినది. నేను ఆమెవంక చూచితిని. మరి యేమియు అనుకొనలేదు.

సోదరీమణులారా, నాకు బడిచదువు లేదు. చిన్ననాట ఒడలు బాగుండక బడికి బోలేకపోతిని. మా నాన్నగారు వీధియరుగుమీద గూర్చుండబెట్టి దినమున కొక్క శ్లోకము, ఒక్క పద్యము చెప్పెడివారు. అంతకుమించి చెప్పెడివారు కారు. జ్వరము వచ్చిననాడును ఆ యొక్కటి మానెడివారు కారు. అట్లు పదేండ్లు. నేడు నాకున్న కొద్దిపాటి చదువంతయు ఆ యరుగుమీదిదే. బడి పట్టికలో లేని చదువు చదువు కాదనుకొనుటకు నాకు హక్కు లేదు. ఈ మాట నేను మొదటిరాత్రియే చెల్లెలికి చెప్పవలసినది. నిందించుటకు ముందు జ్ఞప్తికి రాకపోయినది.

మధ్యాహ్నము ఇంటికి వచ్చి పిల్లను ఒడిలో కూర్చుండబెట్టుకొంటిని. “పెద్దమ్మా, నాకు రాదు” అని మొదట మొరాయించినది. “వచ్చినంతయే వ్రాయుము” అంటిని. ఒక గంట పట్టినది. నాలుగు పంక్తులు వ్రాసినది. ‘అమ్మమ్మ’ అనుచోట ఒత్తులు రెండును మరచి ‘అమమ’ అని వ్రాసినది. నేను దిద్దబోగా మావారు నా చేయి పట్టుకొని “ఉండనిండు. దిద్దవలసినవారు వేరే యున్నారు” అనిరి.

సాయంకాలము చాంగీ విమానాశ్రయమునకు వచ్చితిమి. దాని నానుకొని 2019లో తెరచిన అద్దాల మందిరములో కప్పునుండి 40 మీటర్ల యెత్తు జలధార క్రిందికి దూకుచుండును. చుట్టును అంతస్తులుగ చెట్లు. కొండలేని జలపాతము! లోకము వింతగ జూచునది దానినే. నేనును కన్నులప్పగించి చూచితిని. కాని నా చేయి మాటిమాటికి సంచిలోని కాగితమును తడవుచునే యుండెను.

మా అమ్మ ఆ కాగితమును కన్నద్దములు పెట్టుకొని మూడుమారులు చదివినది. పిమ్మట ఫోను తెమ్మనినది. “అమమ యనగా ఎవరే?” అని మనుమరాలి నడిగినది. అటువైపున పిల్ల పకపక నవ్వినది. ఆనాటినుండి మనకు సాయంకాలము నాలుగున్నర, అక్కడ ఏడు గంటలు కాగానే ఫోను మ్రోగుచున్నది. మా చెల్లెలు ఉద్యోగమునుండి రాకముందే పాఠము ముగియును. దినమున కొక్క పంక్తి, అంతకుమించి లేదు. నేటికి ఇరువదిమూడు దినములైనవి. రెండు దినములు తప్పినవని మా అమ్మ గోడమీది పంచాంగమున గుర్తుపెట్టినది.

ఆ నగరము నాలుగు భాషలకు ప్రభుత్వాసనము వేసినది. నాలుగు దైవములకు ఒకే వీధిలో చోటిచ్చినది. అది మెచ్చదగిన పని. కాని ఏ ప్రభుత్వమును అన్ని భాషలకు పీట వేయజాలదు. పీట దొరకని భాష వంటయింటిలోను, వీధియరుగుమీదను, నేడు చేతిలోని ఫోనులోను బ్రతుకవలసినదే. దూరదేశములలో మనుమలుగల అమ్మమ్మలును నాయనమ్మలును మనలో నేడు పెక్కురు గలరు. వారి సాయంకాలములు ఖాళీగనే యున్నవి. ఈ విషయమును సోదరీమణులు యోచింతురుగాక.